లంచాలు, దొంగ బిల్లులపై పౌరుల నిఘా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వ కార్యాలయంతో పని పడినవారికీ, తమ ఊళ్లో జరిగిన పనుల లెక్క అడగాలనుకునేవారికీ ఉపయోగపడేలా ఈ ప్రశ్నలు, జవాబులు రాశాం. లంచం అడిగినవాణ్ని పట్టించడం ఒక పని. ఎవరూ ఎవరినీ చేయి చాచి అడగకుండానే బిల్లుల్లో కరిగిపోయే డబ్బును పట్టుకోవడం పూర్తిగా వేరే పని. మొదటిదానికి ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) ఉంది. రెండోది ఊరివాళ్లు పూనుకుంటేనే జరుగుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.

లంచం ఇచ్చేశాను. ఇప్పుడు ఫిర్యాదు చేస్తే నా మీద కూడా కేసు పెడతారా?

అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక లంచం ఇవ్వడం కూడా నేరమే. ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. అయితే 8వ సెక్షన్‌లోనే రెండు మినహాయింపులు ఉన్నాయి. తప్పనిసరి పరిస్థితిలో ఇచ్చినవారు, ఇచ్చిన 7 రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేస్తే వారిది నేరం కాదు. ముందే ఏసీబీకి చెప్పి, వాళ్లకు సహకరిస్తూ డబ్బు ఇచ్చినా నేరం కాదు.

కాబట్టి ఇచ్చిన తేదీ రాసి పెట్టుకోండి. ‘పని అయ్యాక చూద్దాం’ అని నెల రోజులు ఆగితే ఆ రక్షణ పోతుంది. నోటి మాటగా చెప్పడం కూడా చాలదు. రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు తేదీతో సంతకం తీసుకోండి.

ఏసీబీ దగ్గరికి వెళితే అసలు ఏం జరుగుతుంది?

తెలంగాణలో 1064 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేయవచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ ఏసీబీ కార్యాలయానికి నేరుగా వెళ్లవచ్చు. ఫిర్యాదులో ఉండాల్సినవి: అడిగిన వ్యక్తి పేరు, హోదా, ఏ పని కోసం, ఎంత, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు అడిగారు. పెండింగ్‌లో ఉన్న పనికి సంబంధించిన దరఖాస్తు నకలు జతచేయండి. ఆ పని నిజంగా ఆ అధికారి చేతిలోనే ఆగి ఉందని ఆ కాగితమే చూపిస్తుంది.

అధికారులు ముందు గుట్టుగా విచారించుకుంటారు. తర్వాత వలపన్నుతారు, దీన్నే ట్రాప్ అంటారు. ఇద్దరు మధ్యవర్తుల సమక్షంలో నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. ఆ నోట్లు పట్టుకున్న వేళ్లను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ ద్రావణాన్ని సీసాలో పోసి సీలు వేస్తారు.

మీ వైపు నుంచి పాటించాల్సిన నియమం ఒక్కటే: అవతలివాళ్లు అడిగే దాకా డబ్బు తీయకూడదు. కంగారులో గదిలోకి వెళ్లగానే బల్ల మీద పెట్టేసి వచ్చారంటే కేసు అక్కడే సగం పోయినట్టు.

ట్రాప్‌లో దొరికినవాళ్లు కోర్టులో ఎలా బయటపడుతున్నారు?

డబ్బు దొరకడం ఒక్కటే చాలదు. అడిగారనీ, తీసుకున్నారనీ రెండూ రుజువు కావాలి. ‘చేబదులు తీర్చాడు’, ‘ప్రభుత్వ రుసుము కట్టమని ఇచ్చాడు’, ‘నా జేబులో కుక్కాడు’ అనేవి ఎప్పుడూ వినిపించే వాదనలే. వీటన్నిటి గురీ ‘అడగడం’ అనే అంశం మీదే. ఏళ్లు గడిచాక ఫిర్యాదుదారు సాక్ష్యం మార్చేయడం ఇంకో పెద్ద దెబ్బ. ఫిర్యాదుదారు చనిపోయినా, మాట మార్చినా మిగతా సాక్ష్యాలతో, పరిస్థితుల ఆధారంగా నేరం రుజువు చేయవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబరులో తేల్చిచెప్పింది. ఆ మిగతా సాక్ష్యం ముందే పోగై ఉండాలి కదా.

ఫోన్‌లో మాటలు రికార్డు చేస్తే ఫైలును కత్తిరించకండి, పేరు మార్చకండి. వాట్సాప్‌లో పంపుకున్న నకలు చాలనుకుని అసలు ఫోన్ అమ్మేయకండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కావాలి. అసలు ఫైలు, అసలు ఫోన్ ఉంటే ఆ పని సులువవుతుంది.

ప్రాసిక్యూషన్‌కు, అంటే అధికారిని కోర్టులో విచారించడానికి, ప్రభుత్వం ఇవ్వాల్సిన అనుమతి దగ్గర ఆలస్యం జరుగుతుంది. అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం మూడు నెలల్లో, అవసరమైతే మరో నెలలో తేల్చాలి. ఆ గడువు దాటిందేమో తెలుసుకోవడానికి ‘ఫలానా కేసులో అనుమతి కోరుతూ లేఖ అందిన తేదీ, నిర్ణయం తీసుకున్న తేదీ’ అని సమాచార హక్కు కింద అడగవచ్చు.

నన్నెవరూ లంచం అడగలేదు. కానీ మా వీధిలో వేసిన సీసీ రోడ్డు ఏడాదికే పగిలింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కలెక్టరుకు ‘నాసిరకం రోడ్డు, చర్య తీసుకోండి’ అని అర్జీ పెడితే, అది తిరిగి తిరిగి ఆ రోడ్డుకు కొలతలు రాసిన ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గరికే వస్తుంది. ‘పని నిబంధనల ప్రకారమే జరిగింది’ అని ఆయన రాస్తారు, అర్జీ మూసేస్తారు. అందుకే ముందు కాగితాలు తెప్పించుకోండి, ఆ తర్వాత కొలవండి, ఫిర్యాదు చివరన చేయండి.

ఒక పనికి సంబంధించి అడగాల్సినవి ఇవి: పరిపాలన అనుమతి, సాంకేతిక అనుమతి, అంచనా, టెండరు లేదా నామినేషన్ (టెండరు లేకుండా నేరుగా పని అప్పగించే) ఉత్తర్వు, కాంట్రాక్టరుతో ఒప్పందం, ఎం-బుక్ (కొలతల పుస్తకం)లో ఆ పనికి చెందిన పేజీలు, క్వాలిటీ కంట్రోల్ నివేదిక, బిల్లు, చెల్లింపు వోచరు. వీటిలో ఎం-బుక్ ప్రాణం లాంటిది. పొడవు, వెడల్పు, మందం, ఘనపు మీటర్లు, కొలిచిన తేదీ, కొలిచినవారి సంతకం, పై అధికారి మళ్లీ కొలిచి చూసినట్టు చేసిన సంతకం, అన్నీ అందులోనే ఉంటాయి. ఎం-బుక్ లేకుండా బిల్లు ఒక్కటే తెచ్చుకుంటే అందులో మొత్తం తప్ప ఏమీ కనిపించదు.

గ్రామ పంచాయతీ నిధులతో చేసిన పనైతే ముందు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ చూడండి. ప్రణాళిక, రాబడి, వోచర్ల వారీగా చెల్లింపులు అక్కడ దొరుకుతాయి. వోచరు నంబరు, తేదీ తెలిస్తే ‘అలాంటి రికార్డు లేదు’ అనే మాట వినాల్సిన పని ఉండదు.

సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలి?

తెల్లకాగితం మీద, తెలుగులోనే రాయవచ్చు. పైన ‘ప్రజా సమాచార అధికారి’ అని, ఆ కార్యాలయం చిరునామా. ‘సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు’ అని ఒక వరుస. కింద మీరు కోరే పత్రాలు ఒక్కొక్కటిగా. చివర పేరు, చిరునామా, రుసుము వివరం. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. 6(2) సెక్షన్ ఆ ప్రశ్నే వేయకూడదంటోంది.

దరఖాస్తులు ఎక్కువగా చెడేది ప్రశ్నల తీరు వల్ల. ‘రోడ్డు ఎందుకు పగిలింది? దీనికి ఎవరు బాధ్యులు?’ అని అడిగితే జవాబు రాదు. చట్టం ఇచ్చేది కార్యాలయంలో ఉన్న సమాచారాన్ని. కొత్తగా అభిప్రాయం రాసి ఇవ్వాల్సిన బాధ్యత అధికారికి లేదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అదే సంగతిని ఇలా అడగండి: ‘ఫలానా సంవత్సరంలో, ఫలానా వార్డులో ఫలానా ఇంటి నుంచి ఫలానా గుడి వరకు వేసిన సీసీ రోడ్డుకు సంబంధించి ఎం-బుక్ పేజీల ధ్రువీకృత నకళ్లు, క్వాలిటీ కంట్రోల్ నివేదిక ధ్రువీకృత నకలు ఇవ్వండి.’ కాలం, చోటు, పత్రం పేరు మూడూ ఉండాలి. ‘గత పదేళ్ల పనులన్నిటి వివరాలు’ అని రాయకండి. సిబ్బంది పనంతా ఆపుకోవాల్సి వస్తుందని అధికారి చేతులెత్తేయడానికి మీరే సాకు ఇచ్చినట్టవుతుంది.

చివర ఈ రెండు వాక్యాలు చేర్చండి. ‘ఈ సమాచారం మీ వద్ద లేకపోతే 6(3) కింద సంబంధిత కార్యాలయానికి 5 రోజుల్లో బదిలీ చేయగలరు.’ ‘2(జె) కింద ఫైలును స్వయంగా పరిశీలించే అవకాశం కూడా కోరుతున్నాను.’ తనిఖీకి పిలిస్తే తప్పక వెళ్లండి, ఇంకొకరిని తోడు తీసుకెళ్లండి. నకళ్లలో కనపడని నోట్ ఫైలు, కొట్టివేతలు, తర్వాత అంటించిన కాగితాలు ఫైలు తిరగేస్తేనే బయటపడతాయి. 2(జె) కింద పనిని పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. వీటిని వాడుకునేవాళ్లు చాలా తక్కువ.

రుసుము ఎంత? ఎన్ని రోజుల్లో ఇవ్వాలి?

రాష్ట్ర కార్యాలయాలకు సంబంధించి ఉమ్మడి రాష్ట్రంలో 2005లో పెట్టిన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. కేంద్ర కార్యాలయాలకు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జతచేస్తే కట్టనక్కర్లేదు. పోస్టల్ ఆర్డరు జతచేస్తే దాని నంబరు దరఖాస్తులో రాయడం మరవకండి.

గడువు 30 రోజులు. ప్రాణానికో, స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి పేజీల డబ్బు అడగకూడదు. 7(6) సెక్షన్ ప్రకారం ఉచితంగా ఇవ్వాలి.

నెల దాటింది, ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడేం చేయాలి?

గడువు ముగిసిన 30 రోజుల్లోపు అదే శాఖలోని మొదటి అప్పీలు అధికారికి అప్పీలు పంపండి. ఆయన 30 రోజుల్లో, కారణం రాసి గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. జాప్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా అధికారి సొంత జేబు నుంచి జరిమానా వేయించవచ్చు. అది మీకు రాదు. మీకు కలిగిన నష్టానికి పరిహారం కావాలంటే 19(8)(బి) కింద విడిగా కోరాలి.

రెండో అప్పీలు దగ్గర ఓపిక కావాలి. తెలంగాణ కమిషన్‌లో 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా కమిషనర్లే లేరు. చట్టం ఉన్నా, దాన్ని అమలు చేయించే కుర్చీలు ఖాళీగా ఉంచితే ఆ హక్కును సగం లాగేసుకున్నట్టే. అందుకే కమిషన్ మీదే ఆశ పెట్టుకోకండి. మొదటి అప్పీలును పట్టుదలగా నడపండి. విచారణకు పిలిస్తే వెళ్లి, ఏయే పత్రం రాలేదో పట్టిక వేసి చేతికివ్వండి. చాలా కాగితాలు ఆ దశలోనే కదులుతాయి.

‘వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేం’ అని రాశారు. ఇక దారి లేదా?

ఉంది, కానీ మునుపటికంటే ఇరుకైంది. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే 8(1)(జె) క్లాజును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మార్చేసింది. ‘చట్టసభకు ఇవ్వదగిన సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించకూడదు’ అన్న భరోసా అందులోంచి పోయింది. ఇది పౌరుల నిఘాకు పెద్ద నష్టమని మా గట్టి అభిప్రాయం. లబ్ధిదారుల పేర్లు దాచేస్తే దొంగ పేర్లు ఎలా పట్టుకుంటాం?

మిగిలిన ఆధారాలు మూడు. ఒకటి, 8(2): సమాచారం బయటపెట్టడం వల్ల కలిగే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చు. ఆ ప్రయోజనమేమిటో అప్పీలులో రెండు వాక్యాల్లో రాయండి. రెండు, సెక్షన్ 4(1)(బి): సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు, ఉద్యోగుల జీతాలు ఎవరూ అడగకముందే ప్రకటించాల్సిన జాబితాలో ఉన్నాయి. మూడు, సెక్షన్ 10: ఇవ్వకూడని భాగాన్ని, ఆధార్ నంబరో బ్యాంకు ఖాతానో, చెరిపేసి మిగతాది ఇవ్వాలి. ‘ఖాతా నంబర్లు తీసేసి ఇవ్వండి’ అని మీరే ముందు రాస్తే నిరాకరించడం కష్టమవుతుంది.

కాగితాలు చేతికొచ్చాయి. సరిపోల్చడం ఎలా?

ఉదాహరణకు ఎం-బుక్‌లో పొడవు 100 మీటర్లు, వెడల్పు 3, మందం 0.15 అని ఉందనుకుందాం. అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటుకు బిల్లు. మీరు కొలిస్తే మందం 0.10 మాత్రమే తేలింది. అప్పుడు పడింది 30 ఘనపు మీటర్లే. మూడో వంతు కాంక్రీటు అసలు రోడ్డు మీదికే రాలేదు.

పొడవు, వెడల్పుల్లో మోసం తక్కువ, ఎందుకంటే ఎవరికైనా కనిపిస్తుంది. మందంలోనే జరుగుతుంది. రోడ్డు అంచున మట్టి తవ్వి, రెండు పక్కలా కలిపి కనీసం పది చోట్ల కొలవండి. ప్రతిచోటా స్కేలు మీద అంకెలు కనిపించేలా ఒక ఫొటో, చుట్టుపక్కల ఇల్లో స్తంభమో కనిపించేలా ఇంకో ఫొటో తీయండి. ఒక జాగ్రత్త: అంచుల్లో మాత్రం మందంగా పోసి నడుమ పలచగా వదిలేయడం పాత ఎత్తుగడ. అంచు కొలత సరిపోయినంత మాత్రాన రోడ్డు సరిగ్గా ఉన్నట్టు కాదు. నడిమి మందం తేలాలంటే కోర్ కటింగ్ చేయాలి, అంటే యంత్రంతో గుండ్రటి ముక్క కోసి తీయడం. అది మీరు సొంతంగా చేయకూడదు. అంచు కొలతల పట్టికతో క్వాలిటీ కంట్రోల్ విభాగానికి రాసి, ఊరివాళ్ల సమక్షంలో కోర్ తీయమని అడగండి. ఏ చోట తీయాలో ఎంపికలో మీకు కూడా మాట ఉండాలని కోరండి. లేకపోతే బాగున్న చోటే తీస్తారు.

తేదీలు కూడా చూడండి. పని మొదలుపెట్టే ఉత్తర్వు కంటే ముందే ఎం-బుక్‌లో కొలతలు ఉండటం, కొలతలు, పై అధికారి తనిఖీ, బిల్లు అన్నీ ఒకే రోజున ఉండటం, ఒకే రోడ్డును ముక్కలు చేసి టెండరు అక్కర్లేని చిన్న పనులుగా నామినేషన్ మీద ఇవ్వడం. ఇవి కనిపిస్తే టేపు పట్టకముందే అనుమానించవచ్చు.

సామాజిక తనిఖీ అంటే ఏమిటి? అది ప్రభుత్వ ఆడిట్‌కు ఎలా భిన్నం?

ఆడిటరు కాగితాన్ని కాగితంతో సరిచూస్తాడు. సామాజిక తనిఖీలో కాగితాన్ని మనిషితో సరిచూస్తారు. మస్టర్‌లో (కూలీల హాజరు పట్టీలో) పేరున్న మనిషి ఇంటికి వెళ్లి, ‘ఈ వారం ఆరు రోజులు పనికి వెళ్లావా? ఇంత కూలి ముట్టిందా?’ అని అడుగుతారు. దీనికి బీజం రాజస్థాన్‌లో పడింది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 డిసెంబరులో కోట్ కిరానా గ్రామంలో పెట్టిన బహిరంగ విచారణలో పనుల లెక్కలు జనం ముందు చదివి వినిపించారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌తో అది చట్టమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచే మొదలుపెట్టి, 2009లో దీనికోసమే విడిగా ఒక సొసైటీ ఏర్పాటు చేసింది. ఈ విషయంలో మన ప్రాంతం దేశానికి దారి చూపిందని గర్వంగా చెప్పుకోవచ్చు.

ఆ చట్టం కింద సామాజిక తనిఖీకి 2011లో చేసిన నిబంధనల్లో కీలకమైనవి: ఆరు నెలలకోసారి తనిఖీ, గ్రామసభకు కనీసం 15 రోజుల ముందు రికార్డులు బృందానికి ఇవ్వడం, తనిఖీకి వచ్చినవారు అదే పంచాయతీ వాళ్లు కాకపోవడం. రికార్డులు ముందు రోజు రాత్రి ఇచ్చారంటే ఆ తనిఖీ పేరుకే. అదే విషయాన్ని గ్రామసభ మినిట్స్‌లో రాయించండి.

చూడాల్సిన పేర్లు: చనిపోయినవారు, వలస వెళ్లినవారు, ఆ తేదీల్లో ఆసుపత్రిలో ఉన్నవారు, ఒకే రోజు రెండు పనుల్లో కనిపించేవారు. కూలీని అందరి ముందూ అడగకండి, ఇంటి దగ్గర అడగండి. పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు పక్కన ఉంటే నిజం రాదు. వాంగ్మూలం రాసుకుని, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకోండి. ప్రజావేదిక (తనిఖీలో తేలినవి జనం ముందు విచారించే సభ) రోజున ఆ వ్యక్తి మాట మార్చితే ఆ కాగితమే ఆధారం.

రేషన్‌కు కూడా ఇదే పద్ధతి. ఆహార భద్రతా చట్టం 28వ సెక్షన్ చౌకధరల దుకాణాల సామాజిక తనిఖీకి, 29వ సెక్షన్ విజిలెన్స్ కమిటీలకు చోటిచ్చాయి. ఈ-పోస్ యంత్రంలో నమోదైన కిలోలూ ఇంటికి చేరిన కిలోలూ పక్కపక్కన రాస్తే చాలు.

తనిఖీలో తేలిన డబ్బు తిరిగి ఎందుకు రావడం లేదు?

పట్టుకున్నవారికి శిక్షించే అధికారం లేదు. శిక్షించాల్సినవారు అదే శాఖ వాళ్లు. ప్రజావేదికలో ‘రికవరీ’ అని రాస్తారు, తర్వాత ఎవరు వసూలు చేయాలో, ఏ తేదీలోపు చేయాలో ఉండదు. చిన్న ఉద్యోగిని తొలగించి ఫైలు ముగించడమూ మామూలే. కొలతల పుస్తకంలో సంతకం పెట్టినవాళ్లు పదిలంగా ఉంటారు. 2012లో ఉమ్మడి రాష్ట్రం సామాజిక తనిఖీ ప్రోత్సాహం, అవినీతి పద్ధతుల నిరోధం కోసం ప్రత్యేక చట్టమే చేసింది. చట్టం చేయడంతో పని పూర్తి కాలేదు.

కాబట్టి నిర్ణయం రాసేటప్పుడే ప్రతి అంశానికి నాలుగు గడులు పట్టుబట్టి నింపించండి: మొత్తం, కట్టాల్సినవారి పేరు, వసూలు చేయాల్సిన అధికారి హోదా, తేదీ. ఆ తేదీ దాటిన మర్నాడే ‘జమ అయిన చలానా నకలు ఇవ్వండి’ అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

అన్నీ ఆన్‌లైన్ అయితే అవినీతి పోదా?

కొంత పోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ తెచ్చాక టెండరు ఫారమే దొరక్కుండా చేయడం, పెట్టె దగ్గర మనుషుల్ని అడ్డం పెట్టడం వంటివి కష్టమయ్యాయి. కానీ కాంట్రాక్టర్లు ముందే కూడబలుక్కుంటే కంప్యూటరు పట్టలేదు. టెండరు షరతులను ఒక్కడికే సరిపోయేలా రాసినా పట్టలేదు. ఉపాధి పనుల్లో హాజరు ఫొటో తీయాలని యాప్ పెడితే, పాత ఫొటోనే మళ్లీ ఫొటో తీసి ఎక్కించారు. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఈ తంతును ఎత్తిచూపింది.

ఒక సంస్కరణ పనికొస్తుందో లేదో తేల్చడానికి అడగాల్సింది, దానివల్ల పై అధికారికి కనిపించేది పెరిగిందా, ఊరివాడికి కనిపించేది పెరిగిందా అని. రాజస్థాన్ 2019లో తెచ్చిన జన సూచనా పోర్టల్ రెండో కోవకు చెందుతుంది. ఎవరైనా తమ పంచాయతీ వివరాలు లాగిన్ లేకుండా చూడవచ్చు. పాస్‌వర్డు వెనక దాచిన డ్యాష్‌బోర్డు ఎంత అందంగా ఉన్నా జనానికి ఒరిగేదేమీ లేదు.

లోకాయుక్తకు వెళ్లాలా, విజిలెన్స్‌కా, లోక్‌పాల్‌కా?

రాష్ట్ర అధికారుల మీదైతే లోకాయుక్త. ఫిర్యాదుతో పాటు ప్రమాణపత్రం జతచేయాలి. చివరకు ఆ సంస్థ ఇచ్చేది సిఫారసు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మీదైతే కేంద్ర విజిలెన్స్ కమిషన్ లేదా లోక్‌పాల్. లోక్‌పాల్ దగ్గర ఏడేళ్లు దాటిన నేరం చెల్లదు. ఒకేసారి అన్నిచోట్లా పెట్టకండి. ‘వేరేచోట విచారణలో ఉంది’ అని ప్రతి ఒక్కరూ పక్కన పెట్టేస్తారు.

నేను కేంద్ర ఉద్యోగిని. లోపల జరుగుతున్నది చెప్పాలని ఉంది, కానీ పేరు బయటికి రాకూడదు.

స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాల గురించి రాసిన ఇంజినీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురయ్యారు. ఆ తర్వాత 2004లో కేంద్రం పీఐడీపీఐ (ప్రజాప్రయోజన వెల్లడి, సమాచారం ఇచ్చేవారి రక్షణ) తీర్మానం తెచ్చి, ఇలాంటి ఫిర్యాదుల బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది. కవరు మీద ‘పీఐడీపీఐ కింద ఫిర్యాదు’ అని రాసి మూసి అంటించాలి. మీ పేరు, చిరునామా కవరు మీద రాయకూడదు, లోపలి లేఖలో రాయాలి. అసలు పేరే లేని లేఖను ఈ పద్ధతిలో తీసుకోరు. ఫిర్యాదు వివరాల్లో మీరెవరో తెలిసిపోయే గుర్తులు లేకుండా చూసుకోండి. మీ ఒక్కరికే తెలిసిన సంగతి రాస్తే పేరు దాచి లాభం లేదు.

2014లో పార్లమెంటు ఆమోదించిన విజిల్ బ్లోయర్ల (అక్రమాలను బయటపెట్టేవారి) రక్షణ చట్టాన్ని మాత్రం అమల్లోకే తేలేదు. సిగ్గుపడాల్సిన విషయమిది.

బెదిరింపులు వస్తే?

ఒంటరిగా అడిగినవారికే ప్రమాదం ఎక్కువ. ఒకే పత్రం కోసం వేర్వేరు ఊళ్ల నుంచి నలుగురైదుగురు దరఖాస్తు పెడితే ఎవరిని బెదిరించాలో తెలియదు. చిరునామా ఇవ్వడానికి భయమైతే పోస్టు బాక్సు నంబరు ఇవ్వవచ్చని కలకత్తా హైకోర్టు 2013లో చెప్పింది. సమాచారం చేతికి రాగానే నకళ్లు పదిమందికి పంచండి. కాగితం మీ ఇంట్లో మాత్రమే ఉన్నన్నాళ్లూ అందరి కళ్లూ మీ మీదే ఉంటాయి. బెదిరింపు వస్తే తేదీ, సమయం, అన్న మాటలు అలాగే రాసి ఆ రోజే పోలీసు స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇంకొకటి. అడిగేవాళ్ల చేతులు శుభ్రంగా ఉండాలి. దరఖాస్తు ఉపసంహరించుకోవడానికి డబ్బు తీసుకున్నవాళ్లు కొందరున్నారు. వాళ్ల వల్ల నిజంగా అడిగేవాళ్లందరి మీదా బ్లాక్‌మెయిలర్ ముద్ర పడుతోంది. బృందంలో అలాంటివారిని వెంటనే దూరం పెట్టండి.

కాగితాలు ఎన్నాళ్లు దాచుకోవాలి?

రెండో అప్పీలు ముగిసి, రికవరీ చలానా నకలు చేతికొచ్చే దాకా. దరఖాస్తు నకలు, పోస్టల్ ఆర్డరు నంబరు, స్పీడ్ పోస్టు రసీదు, జవాబు వచ్చిన కవరు కూడా పారేయకండి. అప్పీలు గడువు లెక్కలో అధికారి లేఖ మీద వేసుకున్న తేదీకీ అది నిజంగా బట్వాడా అయిన తేదీకీ తేడా వస్తే, కవరు మీది తపాలా ముద్రే మీ తరఫున సాక్ష్యం చెబుతుంది.